తొమ్మిదో అంతస్తు దాకా: ఒక మేస్త్రీ, చక్రాల కుర్చీ, చెన్నై లైట్ హౌస్

నేను చెన్నైలో ఇళ్ళకు వెళ్ళి పనిచేసే ఆక్యుపేషనల్ థెరపిస్టుని, అంటే దెబ్బతిన్నవాళ్ళు తమ రోజువారీ పనులు మళ్ళీ చేసుకునేలా సాయపడేదాన్ని. ఒక మేస్త్రీ గారి కేసు ఇది. రాస్తానంటే ఆయనా, ఇంట్లోవాళ్ళూ సరేనన్నారు. పేరు, వయసు, సొంతూరు, చికిత్స జరిగిన చోటు తీసేశాను. మనిషిని గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు సంగతులు మార్చాను. చికిత్స నిర్ణయాల వెనక ఉన్న కారణాలను మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

నేపథ్యం

ఆయన తాపీ మేస్త్రీ. ఉత్తరాంధ్ర తీరంలోని ఒక పల్లె నుంచి కుర్రతనంలోనే చెన్నై వచ్చి, కూలీగా మొదలుపెట్టి, పదిమందిని పెట్టి పని చేయించే స్థాయికి వచ్చారు. పరంజా మీద నుంచి పడి వెన్నుపాము టీ10 (ఛాతీ వెనక భాగంలో పై నుంచి పదో స్థాయి) దగ్గర పూర్తిగా దెబ్బతింది. బొడ్డు కింద నుంచి స్పర్శ లేదు, కదలిక లేదు. చేతులు, భుజాలు మాత్రం ఇప్పటికీ మేస్త్రీ చేతులే. మూత్రం నాలుగైదు గంటలకోసారి క్యాథెటర్‌తో తనే తీసుకుంటారు. మంచం మీద నుంచి కుర్చీలోకి స్లైడింగ్ బోర్డు మీద జరుగుతూ, ఎవరి సాయమూ లేకుండా మారతారు. ఉత్తర చెన్నైలో కింది వాటా అద్దె ఇల్లు. భార్య, పెళ్ళికాని కొడుకు ఉంటారు. కుర్చీ ఎవరో దానంగా ఇచ్చిన ఆసుపత్రి తరహా మడత కుర్చీ.

నన్ను పిలిపించింది భుజం నొప్పికి. రెండు మూడు సార్లు వెళ్ళేసరికి అసలు సంగతి వేరే అని తెలిసింది. ఇల్లు చేరిన దగ్గర నుంచి, ఆసుపత్రికి తప్ప ఆయన గడప దాటలేదు.

ఆయన అడిగింది

మా పద్ధతిలో పేషెంటునే అడుగుతాం: ఏ పని చేయాలనుంది, ఇప్పుడు ఎంతవరకు చేయగలుగుతున్నారు, దాంతో ఎంత తృప్తిగా ఉన్నారు, పదికి ఎన్ని మార్కులు వేస్తారు అని. కెనడాలో తయారైన సీఓపీఎం అనే కొలమానం ఇది. ఎక్కువమంది స్నానం, బాత్రూము, వంటగది అంటారు. ఈయన కాసేపు ఊరుకుని అన్నారు: "అందరూ నన్ను చూడ్డానికి వస్తన్నారు మేడం. నేనే దేన్నైనా చూడ్డానికి వెళ్ళాలి."

దేన్ని అని అడిగితే లైట్ హౌస్ అన్నారు. ఊళ్ళో చిన్నప్పుడు రాత్రిళ్ళు దూరం నుంచి తిరిగే వెలుగు చూసేవారట. చెన్నైలో ఎన్ని ఎత్తయిన భవనాల మీద పనిచేసినా, మెరీనాలో ఎర్రచారల స్తంభం అక్కడే కనబడుతున్నా, పైకి వెళ్ళే తీరిక దొరకలేదు.

దానికి ఒక షరతు పెట్టారు. తనను ఎవరూ ఎత్తకూడదు. పడిన రోజు కంగారులో నలుగురు చేతులూ కాళ్ళూ పట్టుకుని ఎత్తి ఆటోలో వేశారు. వెన్నెముక దెబ్బకు అలా ఎత్తడం ఎంత ప్రమాదమో ఆయనకు ఆసుపత్రిలో తెలిసింది. దాంతోనే నష్టం పెరిగిందో లేదో ఎవరూ చెప్పలేరు. ఆయనకు మాత్రం ఆ నాలుగు జతల చేతులు మరుపుకు రావడం లేదు.

ఈ షరతును నేను లక్ష్యంలోనే రాసుకున్నాను. "లైట్ హౌస్ పైకి వెళ్ళడం" అని రాస్తే ఎవరైనా భుజాన వేసుకుని తీసుకెళ్ళినా లక్ష్యం తీరినట్టే అవుతుంది. "తన కుర్చీలోనే, ఎవరూ ఎత్తకుండా వెళ్ళిరావడం" అని రాశాక పని ఒక్కసారిగా కష్టమైంది, స్పష్టంగానూ మారింది. అప్పుడు ఆయన తన పనితీరుకు 1, తృప్తికి 1 వేసుకున్నారు.

ఏ లైట్ హౌస్?

కొడుకు మనసు మహాబలిపురం మీద ఉంది. పాత రాతి స్తంభం, వందేళ్ళు దాటింది, నాన్నకు రాతిపని అంటే ప్రాణం అని. నిజమే, అక్కడి వరస చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది: మహిషాసురమర్దిని గుహ, దాని నెత్తిన పల్లవుల కాలం గుడి, ఇప్పటి స్తంభం రాకముందు దీపం వెలిగించింది ఆ గుడి మీదే. కానీ ముందు బండరాళ్ళ గుట్ట ఎక్కాలి, ఆపైన లోపల ఇరుకు మెట్లు. "నేను వీపున మోస్తాను" అన్నాడు కొడుకు. నేను వద్దన్నాను. షరతు సంగతి అలా ఉంచినా, స్పర్శ లేని కాళ్ళలో ఎముకలు ఏడాది రెండేళ్ళలో బాగా పలచబడతాయి. మెట్ల మలుపులో మోకాలు గోడకు తగిలి విరిగినా ఆయనకు నొప్పి తెలియదు. వీపు మీద జారుతూ వెళ్తే పిరుదుల దగ్గర చర్మం ఒరుసుకుని పుండు పడుతుంది, అది మానడానికి నెలలు పట్టొచ్చు. పోనీ కింద నుంచి చూపిద్దామని నేనంటే మేస్త్రీ గారే కొట్టిపారేశారు: "కింద నుంచి చూడ్డానికైతే ఫోనులో బొమ్మ చాలు."

నగరంలోనే ఇంకా పాతవి ఉన్నాయి. మద్రాసు మొదటి దీపం 1796లో సెయింట్ జార్జి కోటలోని ఒక భవనం కప్పు మీద, కొబ్బరినూనె దీపాలతో వెలిగింది. 1844 నుంచి వెలిగిన రాతి స్తంభం హైకోర్టు ఆవరణలో ఇప్పటికీ నిలబడి ఉంది. 1894లో దీపం హైకోర్టు భవనంలోని ఎత్తయిన గోపురం పైకి మారింది. 1977లో అక్కడి నుంచి మెరీనాకు వచ్చింది. నాలుగు చోట్లకు మారిన ఈ దీపం కథలో మా పనికొచ్చింది చివరిదే, ఎందుకంటే దానికి లిఫ్ట్ ఉంది. దేశంలో లిఫ్ట్ ఉన్న లైట్ హౌసులు అరుదు. రాజీవ్ గాంధీ హత్య తర్వాతి సంవత్సరాల్లో భద్రత కోసం మూసేసిన ఈ టవర్‌ను 2013 నవంబరులో మళ్ళీ జనం కోసం తెరిచారు. లిఫ్ట్ తొమ్మిదో అంతస్తు దాకా వెళ్తుంది, సందర్శకులు చుట్టూ చూసేది అక్కడి నుంచే.

లిఫ్ట్ ఉందని తెలియగానే ఇంట్లో అందరూ పని అయిపోయినట్టే మాట్లాడారు. లిఫ్ట్ ఉన్నచోటికి కుర్చీ వెళ్ళిపోతుందని మామూలుగా అనుకుంటాం. నిజానికి మంచం, గడప, కారు, ఎండ, గేటు, లిఫ్ట్ తలుపు, గ్యాలరీ గోడ, మళ్ళీ వెనక్కి... వీటిలో ఒక్కటి తెగినా మిగతావన్నీ వృథా. పైగా తెగేది చాలాసార్లు మనం అసలు లెక్కలోకి తీసుకోని చోట.

ముందు ఇసుక దాకా

ఒకేసారి టవర్ దగ్గరకు కాకుండా, మెరీనాలో వివేకానందర్ ఇల్లం ఎదురుగా ఉన్న చెక్కబాటకు వెళ్ళాం. రోడ్డు వైపు నుంచి అలల దగ్గర దాకా వెళ్ళే 263 మీటర్ల బాట అది, వెడల్పు 3 మీటర్లు. 2022 నవంబరులో తెరిచారు. పక్షం రోజులు తిరగకుండానే మాండూస్ తుపానుకు చివరి భాగం దెబ్బతింటే బాగుచేశారు. నాకు అక్కడ రెండు విషయాలు తెలియాలి: చెక్కల సందుల మీద ముందు చిన్న చక్రాలు ఇరుక్కోకుండా ఆయన ఎంత దూరం తోసుకోగలరు, జనం మధ్య ఎలా ఉంటారు.

తోసుకోవడం బాగానే జరిగింది. జనంతోనే తంటా. అడగకుండా వెనక నుంచి వచ్చి కుర్చీ తోసే పుణ్యాత్ములు మనకు ఎక్కువ. ఒకాయన అలా తోస్తుంటే మేస్త్రీ గారు రెండు చక్రాలూ గట్టిగా పట్టేసి ఆపి, తమిళంలో చాలా మర్యాదగా ఏదో అన్నారు. ఆయన ముఖంలో మేస్త్రీ కనిపించడం నేను అదే మొదటిసారి చూడటం.

తప్పిపోయిన ప్రయాణం

టవర్ దగ్గరకు మొదటి ప్రయాణం ఒక ఆదివారం ఉదయం పెట్టుకున్నాం. ఆదివారమైతేనే కొడుక్కి సెలవు. దారిలో బాత్రూము సమస్య రాకూడదని ఇంట్లో పొద్దున్నుంచి ఆయనకు నీళ్ళు ఇవ్వలేదు. ఇది దాదాపు ప్రతి ఇంట్లో చేసే పనే. యాప్‌లో పిలిచిన కారు సీటు బాగా ఎత్తుగా ఉంది. కుర్చీ నుంచి బోర్డు పైకి ఏటవాలుగా పెట్టాల్సి వచ్చింది, ఆయన సగంలో ఆగిపోయారు. వెనక బండ్లు హారన్లు. కంగారులో కొడుకు చంకల కింద చేతులు వేసి ఎత్తి లోపల కూర్చోబెట్టాడు.

అక్కడికి చేరేసరికి ఎండ నెత్తిమీదకొచ్చింది. లోపలికి వెళ్ళేలోగా ఆయనకు కళ్ళు తిరిగాయి, కాళ్ళు వాటంతటవే బిగుసుకుని అదరడం మొదలైంది. నడుము కింద చెమట సరిగా పట్టదు కాబట్టి ఒళ్ళు చల్లబడటం కష్టం, పైగా నీళ్ళు లేవు. వెనక్కి తిరిగాం. ఇంటికెళ్ళి తీస్తే మూత్రం ముదురు రంగులో కొద్దిగా వచ్చింది.

అందరూ ఎండ వల్ల పోయిందన్నారు. ఆయన మాత్రం కొడుకుతో కొన్ని రోజులు మాట్లాడలేదు. ఆ ప్రయాణం నా లెక్కలోనూ గేటు దగ్గర విఫలం కాలేదు, కారు తలుపు దగ్గరే అయింది. ఆ రోజు ఎలాగో పైదాకా వెళ్ళి ఉంటే, షరతు తప్పిన సంగతి సంబరంలో కలిసిపోయేది. దాని గురించి ఎవరం మాట్లాడుకునేవాళ్ళమే కాదు.

కొలకర్రలు

తర్వాత వారం నేను వెళ్ళేసరికి ఆయన వాకిట్లో రెండు వెదురు కర్రలు పెట్టుకుని చెక్కుతున్నారు. ఒకటి కుర్చీ వెడల్పు, దానికి రెండు వేళ్ళు ఎక్కువ. రెండోది పాదాలు ఆనించే పెడల్ చివరి నుంచి వెనక చక్రం దాకా పొడవు. "టేపు ఇచ్చి పంపితే అంకెలు రాసుకొస్తాడు, తికమక పడతాడు. కర్ర పట్టిందా లేదా అన్నది చాలు" అన్నారు కొడుకుని ఉద్దేశించి. పని చేయించే మనిషి పని చేయిస్తున్నాడు. ఇక్కడి నుంచి నా పాత్ర సలహాదారుది.

కొడుకు ఒకసారి ఒంటరిగా వెళ్ళి గేటు నుంచి పైదాకా ప్రతి తలుపు దగ్గరా, మలుపు దగ్గరా కర్రలు పట్టి చూసొచ్చాడు. అక్కడి కొలతలు ఇక్కడ రాయను. మీ కుర్చీ వేరు, మీ కర్ర మీరు కోసుకోవాలి. ఆ సమాచారంతో మొదట తేలింది, ఆసుపత్రి కుర్చీతో కాదని. 18 అంగుళాల సీటున్న మడత కుర్చీ బయటి వెడల్పు దాదాపు 26 అంగుళాలు ఉంటుంది, పొడవు 42 దాకా. సన్నగా ఉన్న ఆయనకు 16 అంగుళాల సీటు సరిపోతుంది. మడవని చట్రం ఉన్న తేలిక కుర్చీ అయితే వెడల్పు సుమారు 24కి, పొడవు 34కి దిగుతుంది. క్రీడల కుర్చీల్లా చక్రాలు ఏటవాలుగా ఉంటే తిప్పడం తేలికే గానీ కింద వెడల్పు మళ్ళీ పెరుగుతుంది కాబట్టి నిటారు చక్రాలే అడిగాం. వెనక పట్టుకునే హ్యాండిల్స్ దగ్గర మాకు వాదన జరిగింది. ఎవరంటే వాళ్ళు తోస్తారని ఆయన వద్దన్నారు, మెట్ల దగ్గర అవసరమని నేను కావాలన్నాను. కిందికి మడిచేసే రకం దొరికింది.

భుజం నొప్పికి కూడా మందు ఈ కుర్చీయే అయింది. వెడల్పు కుర్చీలో చేతులు దూరంగా చాపి తోయడం వల్లే ఆ నొప్పి.

మెట్టు వస్తే ఏం చేయాలన్నది ఆయనకు చిటికెలో తేలింది. ఎత్తు 1 అయితే ఏటవాలు పొడవు 12 ఉండాలన్నది అంగీకరించిన లెక్క. అంటే 15 సెంటీమీటర్ల మెట్టుకు 1.8 మీటర్ల ర్యాంపు. అంత పొడవు పలకలు కారులో పట్టవు. సాయం పట్టే మనిషి వెనక ఉంటే కాస్త నిటారుగా ఉన్నా నడుస్తుంది కాబట్టి అంతకన్నా పొట్టి అల్యూమినియం పట్టాలు రెండు తీసుకుని, పక్కింటి అరుగు మీద సాధన చేశాం.

కారు విషయంలో యాప్ మానేశాం. తెలిసినవాళ్ళ కార్ల సీట్లు కొలిచి, కొత్త కుర్చీ సీటుతో దాదాపు సమానంగా ఉన్న ఒక చిన్న కారును మాట్లాడుకున్నాం. పొడుగు బోర్డు, తలుపు పూర్తిగా తెరుచుకునే చోటు, హారన్ వినబడని గేటు లోపల. ఇక ఎవరూ చెయ్యి వేయాల్సిన పని లేదు.

సమయాన్ని నిర్ణయించింది మూత్రాశయమే. క్యాథెటర్‌కూ క్యాథెటర్‌కూ మధ్య నాలుగు గంటలు, 500 మిల్లీలీటర్లు దాటకూడదు. మామూలుగా నీళ్ళు తాగుతూనే, బయల్దేరే ముందు ఇంట్లో ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి తీసుకునేలా లెక్క వేస్తే బయట బాత్రూము వెతుక్కునే పనే లేదు. టవర్‌కు ఉదయం ఒక విడత, మధ్యాహ్నం మూడు తర్వాత ఒక విడత అనుమతిస్తారు, సోమవారం సెలవు. రెండింటికి బయల్దేరి ఆరులోపు ఇల్లు చేరితే రెండో విడత సరిగ్గా సరిపోతుంది. ఆ వేళ ఎండ పడమటి నుంచి వస్తుంది, సముద్రం వైపు టవర్ నీడే ఉంటుంది. జనవరి దాకా ఆగాం, ఈశాన్య రుతుపవనం వెళ్ళిపోవాలి కదా. అయినా శుభ్రమైన క్యాథెటర్ సామాను, అడ్డు కట్టుకోవడానికి దుప్పటి కారులో ఉన్నాయి.

లిఫ్ట్ ఆగిపోతే?

ఈ ప్రశ్న నేనే వేయాల్సి వచ్చింది, ఎందుకంటే దానికి జవాబు ఆయన షరతుకు ఎదురెళ్తుంది. తొమ్మిదో అంతస్తులో ఉండగా లిఫ్ట్ మొరాయిస్తే కిందికి దారి మెట్లే. ఈ సంగతి చెప్పకుండా తీసుకెళ్ళడం నాకు న్యాయంగా తోచలేదు. చెబితే వద్దంటారేమోనని ఆయన భార్యకు టెన్షన్.

ఆయన రెండు రోజులు ఆలోచించి తన నిబంధనలు చెప్పారు. ముందు పైనే ఆగాలి. నీళ్ళు, క్యాథెటర్, మెత్తటి సీటు ఉన్నంతవరకు తొందర లేదు. అప్పటికీ కాకపోతే కుర్చీతో సహా దించాలి, తనను విడిగా ఎవరూ ముట్టుకోకూడదు. కుర్చీ మెట్లకు అభిముఖంగా, వెనక్కి వాల్చి, పెద్ద చక్రాల మీద ఒక్కో మెట్టూ. వెనక ఒకరు హ్యాండిల్స్ పట్టుకుని, ముందు ఒకరు చట్రం పట్టుకుని. ఈ పద్ధతి నేనే చూపించాను. కానీ ఎప్పుడు కదలాలో, ఎప్పుడు ఆగాలో చెప్పేది ఆయనే. తన దగ్గర పనిచేసిన ఇద్దరు కుర్రాళ్ళను పిలిపించి, ఎదురింటి అపార్టుమెంటు మెట్ల మీద "ఐలేసా" అంటూ సాధన చేయించారు. ఎత్తడమంటే ఆయనకున్న భయం సగం ఎత్తడం గురించి, మిగతా సగం తన మాట లేకుండా ఎత్తడం గురించి. ఆ తేడా నాకు స్పష్టంగా తెలిసింది ఆ మెట్ల మీదే.

పైన

లిఫ్టులోకి వెనక్కి వెళ్ళారు, పైన ముందుకు రావడానికి. లోపల తిప్పుకునే చోటు ఉంటుందని ముందే లెక్క వేసుకోకూడదు.

గ్యాలరీలో మరో సంగతి. కుర్చీలో కూర్చున్న పెద్దవాళ్ళ కళ్ళు నేల నుంచి 110, 120 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. ఎత్తయిన చోట్ల పిట్టగోడలు కూడా దాదాపు అంతే ఉంటాయి. గోడకు ఎదురుగా నిలిపితే పాదాలు అడ్డొచ్చి కళ్ళు గోడకు అరమీటరుకు పైగా వెనక ఉండిపోతాయి. అప్పుడు ఆకాశం, దూరపు సముద్రం తప్ప కింద ఏమీ కనబడదు. సీటు కింద ఇంకో దిండు వేద్దామన్నాడు కొడుకు. ఎత్తు పెరిగితే కుర్చీ నిలకడ తగ్గుతుంది, గాలి బలంగా ఉంది, అలవాటు లేని దిండు చర్మానికీ మంచిది కాదు. అందుకని కుర్చీని గోడకు సమాంతరంగా, ఆనించినట్టు పెట్టాం. భుజం గోడకు తగులుతుంది, తల తిప్పితే చాలు, చూపు నేరుగా కిందికి దిగుతుంది.

ఉత్తరం వైపు ఇసుక పొడవునా చూస్తూ ఆయన, "ఇదంతా మా వైపు రావాల్సిన ఇసుకే" అన్నారు. తీరంలో పుట్టిన మనిషి కదా. హార్బరు గోడలు కట్టాక దక్షిణం నుంచి వచ్చే ఇసుక అక్కడ ఆగి మెరీనా పెరిగింది. రేవుకు ఉత్తరాన రాయపురం వైపు సముద్రం నేలను కోసుకుంటూ పోయింది. ఆ కోతకు అడ్డంగా రాళ్ళు పోసిన పనుల్లో తనూ ఒకప్పుడు ఉన్నానని చెప్పారు. తర్వాత గోడ మూల మీద చెయ్యి వేసి, పూత పూసినవాడు చెయ్యి తిరిగినవాడని మెచ్చుకున్నారు. అరగంట లోపే ఒకసారి ముందుకు వంగి సీటు మీద బరువు తీయాలని నేను గుర్తుచేయాల్సి వచ్చింది. పైన ఉన్నంతసేపూ ఆయనకు ఆ ధ్యాసే లేదు.

ఫలితం, మిగిలినవి

తర్వాత వేసుకున్న మార్కులు: పనితీరు 6, తృప్తి 8. పనితీరు ఆరే ఎందుకంటే ర్యాంపు పట్టాలకూ కారుకూ ఇంకొకరు కావాలి కదా అన్నారు. ఆ సాయంత్రం పిరుదు ఎముక దగ్గర ఎరుపు కనిపించింది. అరగంటలో తగ్గింది కాబట్టి పుండుకు తొలి గుర్తు కాదని తేల్చాం. వరసగా కారులోకీ కుర్చీలోకీ మారడంతో భుజం మళ్ళీ పట్టింది, వారం రోజులు ఇంట్లో మారే సార్లు తగ్గించాం. ఇప్పుడు నెలలో కొన్నిసార్లు చిన్న పనుల కొలతలకు, అంచనాలకు వెళ్తున్నారు. కర్రలు వెంట ఉంటాయి.

ఈ కేసు వేరే చోట వాడుకోవాలనుకునే తోటివాళ్ళకు ఒక జాగ్రత్త. దెబ్బ టీ6 లేదా అంతకన్నా పైన ఉంటే నా సమయాల లెక్క పనికిరాదు. మూత్రాశయం నిండినా, దుస్తుల మడత నొక్కినా రక్తపోటు ఒక్కసారిగా పెరిగి తలనొప్పి, ముఖం ఎర్రబడటం రావచ్చు. దాన్ని ఎత్తయిన చోట ఎదుర్కోవడం వేరే పని, డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి.

చట్టం గురించి అడుగుతుంటారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రజా భవనాలన్నీ అందరూ వాడుకునేలా ఉండాలంటుంది. అందుకు తప్పనిసరి ప్రమాణాలు పెట్టాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. అవి రావాలి, వస్తే నాలాంటివాళ్ళకు పట్టాలు మోసే పని తప్పుతుంది. అయితే ఏ ప్రమాణమూ ఆ కారు తలుపు దగ్గరకు రాదు.

నేను ఇంకా పని మొదలుపెట్టని విషయం ఒకటుంది. ఆయన భార్య ఆ రోజంతా క్యాథెటర్ సంచీ, నీళ్ళ సీసాలు పట్టుకుని కుర్చీ వెనకే నిలబడ్డారు. ఆవిడకు నడుము నొప్పి ఉందని, అది ఆయన పడిన దగ్గర నుంచీ ఉందని, తిరిగొచ్చేటప్పుడు కారులో చెప్పారు. వచ్చే నెల నుంచి ఆ ఇంటికి నేను వెళ్ళేది ముందుగా ఆవిడ కోసం.